చిన్న చేతులకు చిన్న పుస్తకము: బియాట్రిక్స్ పాటర్ జీవితము

పిల్లల బొమ్మల పుస్తకము అనగానే అది కాలక్షేపపు వస్తువని, పెద్దలు పట్టించుకోవలసినంత సంగతి కాదని మనలో చాలామంది తలుస్తాము. జీవితచరిత్రలు చెప్పుకునేటప్పుడు బోధకులను, వైద్యులను, దేశనాయకులను గూర్చి చెప్పుకుంటాము గాని, కుందేళ్లకు కోట్లు తొడిగి, బాతులకు శాలువలు కప్పి బొమ్మలు గీసిన మనిషిని గూర్చి చెప్పుకోము. అయినను అటువంటి ఒక స్త్రీ జీవితమును పాఠకుల ముందుంచవలెనని మేము తలంచాము. ఆమె పేరు బియాట్రిక్స్ పాటర్. ఇంగ్లండు దేశస్థురాలు. 1866లో పుట్టి 1943లో కన్నుమూసింది. ఆమె సృష్టించిన పీటర్ రాబిట్ అను కుందేలు పిల్లను ఇంగ్లీషు బడులలో చదివిన మన పిల్లలు కొందరు ఎరుగుదురు. ఆ కుందేలు వెనుకనున్న మనిషి పడిన శ్రమను ఎరిగినవారు తక్కువ. ఆ శ్రమను గూర్చియే ముఖ్యముగా ఇక్కడ చెప్పదలచాము.

బాల్యము

బియాట్రిక్స్ 1866వ సంవత్సరము జూలై 28వ తేదీన లండను నగరములోని సౌత్ కెన్సింగ్టన్ ప్రాంతములో జన్మించింది. తండ్రి రూపర్ట్ పాటర్ న్యాయవాది. తల్లి పేరు హెలెన్. ఇరువైపుల తాతలు లాంకషైర్‌లో నూలు పరిశ్రమవలన ధనవంతులైనవారు. కుటుంబము యూనిటేరియన్ శాఖకు చెందినది. ఇంటిలో పనివారికి కొదువలేదు. లేనిది తోటి పిల్లల సందడి ఒక్కటే. ఆమెను బడికి పంపలేదు. ఇంటికి వచ్చే ఉపాధ్యాయినుల వద్దనే చదువు సాగింది. తమ్ముడు బెర్ట్రమ్ ఆమె కంటె ఆరేండ్లు చిన్నవాడు. మగపిల్లవాడు గనుక అతనిని వసతి బడికి పంపారు. అక్క మేడమీది గదిలోనే మిగిలిపోయింది.

ఆ గదిలో ఆమెకు తోడు జంతువులు. అక్కాతమ్ములు కలసి కుందేళ్లను, ఎలుకలను, బల్లులను, కప్పలను, గబ్బిలములను తెచ్చి పెంచేవారు. ముళ్లుగల హెడ్జ్‌హాగ్ అను చిన్న జంతువును కూడా పెంచారు. వాటిని ముద్దాడుటతో ఊరుకొనలేదు. ఏ కాలు ఎటు వంగునో, చెవి ఎట్లు నిలుచునో గంటల తరబడి చూచి బొమ్మలు గీసేవారు. ఏదైనా జంతువు చనిపోతే దానిని ఉడికించి, ఎముకలను వేరుచేసి, తిరిగి అమర్చి, ఆ అస్థిపంజరమును గీసేవారు. ఈ సంగతి కొందరికి కఠినముగా తోచవచ్చును. కాని తరువాత ఆమె గీసిన కుందేలు, కోటు తొడుక్కున్నను కుందేలుగానే కనబడుటకు కారణము ఇదే. ఆ కోటు లోపల ఎముకలు ఎక్కడ ఉండవలెనో ఆమె ఎరుగును.

వేసవి నెలలలో కుటుంబమంతా స్కాట్లండుకు, 1882 నుండి ఇంగ్లండు ఉత్తరమున సరస్సులు, కొండలుగల లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతమునకు వెళ్లేది. అక్కడ హార్డ్‌విక్ రాన్స్‌లీ అను గురువు పరిచయమయ్యాడు. ఆయన రే గ్రామ సంఘమునకు వికారు. కొండలు, చెరువులు, పాత పొలములు ధనికుల భవనములకు, రైలు దారులకు బలికాకుండ కాపాడవలెనని ఆయన పోరాడాడు. 1895లో నేషనల్ ట్రస్ట్ అను సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకడు. పదహారేండ్ల బియాట్రిక్స్ మనస్సులో ఆ గురువు నాటిన విత్తనము ఎంత పెద్ద చెట్టయినదో ముందు చూడగలము.

రోగియైన బాలునికి ఉత్తరము

ఆమెకు చివర చదువు చెప్పిన ఉపాధ్యాయిని పేరు ఆనీ కార్టర్. ఆమె పెండ్లి చేసుకొని మిసెస్ మూర్ అయి, బిడ్డల తల్లి అయింది. బియాట్రిక్స్ ఆ పిల్లలకు బొమ్మలతో ఉత్తరములు వ్రాస్తుండేది. పెద్దవాడు నోయెల్ జబ్బుపడి మంచమున ఉన్నాడు. వాని వయస్సు అప్పటికి ఐదేండ్లు. 1893 సెప్టెంబరు 4వ తేదీన ఆమె స్కాట్లండులోని డంకెల్డ్ నుండి వానికి ఉత్తరము వ్రాయ కూర్చున్నది. చెప్పుటకు వార్తలేమియు లేవు. అందుచేత నాలుగు కుందేలు పిల్లల కథ చెప్పి, ప్రక్కనే కలముతో బొమ్మలు గీసింది. తల్లి మాట వినక పీటర్ అను పిల్ల తోటమాలి తోటలోనికి దూరి, ఆకులు మేసి, వాని కంటబడి, చావు తప్పించుకొని ఇల్లు చేరిన కథ అది. మరునాడు వాని తమ్మునికి చేపలు పట్టే కప్ప కథ వ్రాసి పంపింది.

ఆ ఉత్తరములు వ్రాసేటప్పుడు ఆమెకు పుస్తకము ఆలోచన లేదు, పేరు ఆలోచన లేదు. మంచముమీదనున్న ఒక్క పిల్లవాడు కొంతసేపు నొప్పి మరచిపోవలెను, అంతే. ఆమె పని అంతటికి మొదలు ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

మూయబడిన తలుపు

ఆ యేండ్లలో ఆమె మనస్సు నిజమునకు కథలమీద లేదు, పుట్టగొడుగులమీద ఉన్నది. డంకెల్డ్‌లో చార్లెస్ మాకింటోష్ అను తపాలా ఉద్యోగి ఉండేవాడు. రోజూ మైళ్లకొలది నడచి ఉత్తరములు పంచుతూ, దారిలోని మొక్కలన్నిటిని శ్రద్ధగా చూచి నేర్చుకొన్న మనిషి. ఆయన పుట్టగొడుగులను తపాలాలో పంపేవాడు. ఆమె వాటి రంగుల బొమ్మలు గీసి పంపేది. అట్లు వందలాది బొమ్మలు గీసింది. పొడివంటి వాటి సిద్ధబీజములు ఎట్లు మొలకెత్తునో సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఇంటిలోనే వాటిని మొలకెత్తించి, ఒక పరిశోధన వ్యాసము వ్రాసింది.

రసాయన శాస్త్రవేత్తయైన ఆమె మేనత్త భర్త సర్ హెన్రీ రాస్కో ఆమెను ప్రోత్సహించి క్యూ ఉద్యానవనపు పండితుల వద్దకు తీసుకొని వెళ్లాడు. వారు ఆమె మాటను పెద్దగా లక్ష్యపెట్టలేదు. 1897 ఏప్రిల్ 1వ తేదీన లిన్నియన్ సొసైటీ సభలో ఆ వ్యాసమును జార్జ్ మాసీ అను పండితుడు ఆమె తరఫున సమర్పించాడు. స్త్రీలకు ఆ సభలో ప్రవేశము లేదు గనుక, తన వ్యాసము సమర్పించిన సభకు తానే వెళ్లలేకపోయింది. ఇంకా పని చేయవలసియున్నదని వ్యాసమును వెనుకకు తీసుకొన్నది. అది మరల అచ్చునకు రాలేదు. ఆ సొసైటీ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకొనుటకు ఇంకను ఏడేండ్లు పట్టింది. ఆమె గీసిన బొమ్మలు మాత్రము వ్యర్థము కాలేదు. ఆమె చనిపోయిన తరువాత, 1967లో, పుట్టగొడుగులను గుర్తించుటకు వ్రాసిన ఒక పుస్తకములో వాటిలో కొన్ని అచ్చయినవి.

అప్పటికి ఆమెకు ముప్పదియేండ్లు దాటాయి. పెండ్లి కాలేదు. సొంత సంపాదన పెద్దగా లేదు. తెరవవలసిన తలుపు మూతబడింది. ఆ స్థితిలో ఆమె నోయెల్‌కు ఒక మాట పంపింది: నీకు వ్రాసిన ఆ పాత ఉత్తరము ఉన్నదా అని. ఏడెనిమిదేండ్లు గడచినను ఆ పిల్లవాడు దానిని భద్రముగా దాచుకొన్నాడు. దానిని ఎరువు తీసుకొని, నకలు వ్రాసుకొని, కథను పెంచి, పుస్తకముగా సిద్ధము చేసింది.

పుస్తకము వెలువడుట

ప్రచురణకర్తలు ఆరుగురు దానిని త్రిప్పి పంపారు. కొందరు పెద్ద పుస్తకము కావలెనన్నారు, కొందరు రంగులు కావలెనన్నారు. ఆమె పట్టు వేరు. పుస్తకము చిన్న పిల్లల చేతులలో ఇమిడేటంత చిన్నదిగా ఉండవలెను. వెల సామాన్యులకు అందవలెను. ప్రతి పుట ప్రక్కన ఒక బొమ్మ ఉండవలెను. ఎవరును ఒప్పుకొనకపోగా, తాను దాచుకొన్న డబ్బుతో 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చు వేయించింది. అవి చుట్టములు, స్నేహితుల మధ్యనే అయిపోయాయి. మరి 200 ప్రతులు వేయవలసివచ్చింది.

ఈలోగా రాన్స్‌లీ గురువు ఆమె కథను పద్యములలో తిరిగి వ్రాసి ప్రచురణకర్తల వద్దకు పంపాడు. ఫ్రెడరిక్ వార్న్ సంస్థవారు ఆ పద్యములను వద్దని, ఆమె వ్రాసిన వచనమునే ఎన్నుకొన్నారు. బొమ్మలన్నియు రంగులలో ఉండవలెనని అడిగారు. ఆమె ఒప్పుకొని మరల గీసింది. 1902 అక్టోబరులో ఒక షిల్లింగు వెలకు పుస్తకము వెలువడింది. మొదటి కూర్పు 8,000 ప్రతులు వెలువడకముందే అమ్ముడుపోయాయి. నాటినుండి నేటివరకు ఆ పుస్తకము ఎన్నో భాషలలోనికి మారి, కోట్ల ప్రతులు అమ్ముడైనది. అమెరికాలో మాత్రము హక్కులు నమోదు కాకపోవుటచేత అక్కడ ఇతరులు దొంగ ముద్రణలు వేసి సొమ్ము చేసుకొన్నారు. ఆమెకు అందులో ఒక్క కాసు రాలేదు. ఆ పాఠము ఆమె మరచిపోలేదు. 1903లో తానే గుడ్డతో కుందేలు బొమ్మను కుట్టి, దానికి పేటెంటు హక్కు నమోదు చేయించింది.

ఆమె పనితనము

ఆమె కథలలో నీతి ఉన్నది గాని ఉపదేశము లేదు. పీటర్ తోటలో పారిపోతుండగా వాని క్రొత్త కోటు గుండీలు వలలో చిక్కుకొంటాయి. కోటును విడిచిపెట్టి, నాలుగు కాళ్లమీద పరుగెత్తినప్పుడే వాడు బ్రతుకుతాడు. మా సండే స్కూలు పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు, ఆ చోటికి వచ్చేసరికి అందరును ఊపిరి బిగబట్టి విన్నారు. వాళ్లెన్నడును ఇంగ్లండు తోటను చూచినవారు కారు. భయము, తప్పించుకొనుట, ఇంటికి చేరుట, ఇవి మాత్రము ఏ దేశపు పిల్లలకైనను తెలిసినవే.

ఒక్కొక్క పుస్తకమునకు ఆమె పడిన శ్రమ ఆశ్చర్యము కలిగిస్తుంది. 1903లో వెలువడిన గ్లాస్టర్ దర్జీ కథనే తీసుకొందము. గ్లాస్టర్ పట్టణములో ఒక దర్జీ కోటు పని ముగించక దుకాణము మూసి వెళ్లగా, తిరిగి వచ్చేసరికి ఒక్క గుండీ కాజా తప్ప అంతయు పూర్తియై కనబడిన సంగతి ఆమె విన్నది. నిజమునకు అతని పనివారు రాత్రి వచ్చి కుట్టారు. ఆమె కథలో ఆ పని ఎలుకలు చేస్తాయి. ఆ కథకోసము ఆమె ఆ పట్టణపు వీధులను చూచి గీసుకొన్నది. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియములో పాత కాలపు పట్టు దుస్తులను ముందు పెట్టుకొని, ప్రతి పువ్వును, ప్రతి కుట్టును చూచి గీసింది. చదివేవాడు ఆరేండ్ల పిల్లవాడే కదా, ఎవరు చూస్తారులే అని ఆమె అనుకొనలేదు.

1905లో వెలువడిన బట్టలుతికే హెడ్జ్‌హాగ్ కథకు ఆమె పెంచుకొన్న జంతువే నమూనా. దానిని నిలబెట్టి గీస్తుంటే అది కొంతసేపటికి అలసి కరవబోయేది. ఆ పాత్రకు మనిషి నమూనా, స్కాట్లండులో వారి కుటుంబపు బట్టలు ఉతికిన కిటీ మాక్డొనాల్డ్ అను ముసలామె. ధనికుల ఇంటి పిల్ల, చాకలి పనిచేసే ముసలామె ముఖమును, టోపీని, నడకను అంత ప్రేమతో జ్ఞాపకముంచుకొని పుస్తకములో నిలిపింది.

దుఃఖము

వార్న్ సంస్థలో ఆమె పుస్తకములను చూచేవాడు ఆ కుటుంబపు చిన్న కుమారుడు నార్మన్. బొమ్మలను గూర్చి, కాగితమును గూర్చి రోజూ నడచిన ఉత్తరములు క్రమముగా స్నేహమై, ప్రేమగా మారాయి. 1905 జూలై 25న ఆయన పెండ్లి ప్రస్తావన చేశాడు. ఆమెకు దాదాపు ముప్పదితొమ్మిదేండ్లు. ఆమె ఒప్పుకొన్నది. తలిదండ్రులు ఒప్పుకొనలేదు. వ్యాపారము చేసేవాని ఇంటికి తమ బిడ్డను ఇవ్వమన్నారు.

ఇక్కడ మేము కొంచెము ఆగవలసియున్నది. తలిదండ్రులకు లోబడవలెనని పిల్లలకు బోధించువారము మేము. కాని తమ తండ్రులు నూలు వ్యాపారముతోనే ధనికులైరని పాటర్ దంపతులు ఎట్లు మరచిపోయారో తెలియదు. సంబంధము వచ్చినప్పుడు అబ్బాయి గుణము కంటె ముందు అంతస్తును అడుగుట ఇంగ్లండులోనే కాదు, మన ఇండ్లలోను ఉన్నది. బిడ్డలు లోబడవలెనని చెప్పుట ఎంత అవసరమో, తలిదండ్రులు న్యాయముగా ఉండవలెనని చెప్పుటయు అంతే అవసరమని మాకు తోచుచున్నది. బియాట్రిక్స్ ఉంగరము తొడుక్కొన్నది, మాట తప్పలేదు. అయితే తలిదండ్రుల మనస్సు నొప్పించక, సంగతిని బయట చెప్పకుండుటకు ఒప్పుకొన్నది. ఒక్క నెల గడచింది. ఆగస్టు 25న నార్మన్ రక్తసంబంధమైన వ్యాధితో మరణించాడు. ఆయనకు ముప్పదియేడేండ్లు. అప్పుడామె తలిదండ్రులతో వేల్స్ ప్రాంతములో ఉన్నది. బహిరంగముగా ఏడ్చుటకు కూడ ఆమెకు హక్కు లేకపోయింది.

హిల్‌టాప్ పొలము

ఆ యేటనే ఆమె లేక్ డిస్ట్రిక్ట్‌లో నియర్ సాయరీ అను పల్లెలో హిల్‌టాప్ అను 34 ఎకరాల పొలమును కొన్నది. పుస్తకములవలన వచ్చిన డబ్బు, ఒక బంధువు వదలిన సొమ్ము కలిపి చెల్లించింది. పట్నపు దొరసాని ఎక్కువ ధర ఇచ్చి మోసపోయినదని పల్లెవారు నవ్వుకొన్నారు. ఆమె పొలము పని చూచే జాన్ కానన్ కుటుంబమును అక్కడే ఉంచి, ఇంటికి ప్రక్కగదులు కట్టించి, ఆవులను, పందులను, గొర్రెలను చేర్చింది. తలిదండ్రులను చూచుకోవలసిన బాధ్యతవలన ఏడాదికి కొద్ది వారములే అక్కడ ఉండగలిగేది.

ఆ కొద్ది వారములే ఆమె ఉత్తమ పుస్తకములకు ఆధారము. ఆ ఇంటి మెట్లు, పొయ్యి, తోట దారి, పల్లె అంగడి అన్నియు బొమ్మలలోనికి వచ్చాయి. పాత గోడలలో ఎలుకలు విపరీతముగా ఉండేవి. వాటిమీద 1908లో ఒక పుస్తకము వెలువడింది. బాతులు గ్రుడ్లమీద సరిగా పొదగవని కానన్ భార్య వాటి గ్రుడ్లను కోడిక్రింద పెట్టేది. అందునుండి, తన గ్రుడ్లను తానే పొదగవలెనని ఇల్లు విడిచి నక్క మాట నమ్మిన జెమీమా అను బాతు కథ పుట్టింది. దానిని కానన్ పిల్లలిద్దరికి అంకితమిచ్చింది. 1905 తరువాతి ఎనిమిదేండ్లలో ఆమె పదికి పైగా పుస్తకములు వ్రాసింది. దుఃఖమును పనిలో పెట్టి మోసిన మనిషి అని మేము చెప్పగలము.

మిసెస్ హీలిస్

మరి కొంత భూమి కొనే సందర్భములలో హాక్స్‌హెడ్ పట్టణపు న్యాయవాది విలియం హీలిస్ ఆమెకు సహాయము చేశాడు. 1912లో ఆయన పెండ్లి విషయము అడిగాడు. తలిదండ్రులు మరల అడ్డు చెప్పారు, పల్లెటూరి ప్లీడరని. అప్పుడు తమ్ముడు బెర్ట్రమ్ ముందుకు వచ్చి, తాను పదకొండేండ్ల క్రిందటనే ఒక స్కాట్లండు స్త్రీని రహస్యముగా పెండ్లాడితినని తలిదండ్రులకు చెప్పి, అక్క పక్షము వహించాడు. 1913 అక్టోబరు 15న పెండ్లి జరిగింది. ఆమెకు నలుబదియేడేండ్లు. ఆ తరువాత ఆమె తనను మిసెస్ హీలిస్ అని పిలుచుటనే కోరుకొన్నది.

చూపు తగ్గుతున్నది. పొలము పని పెరుగుతున్నది. పుస్తకములు అరుదైనవి. 1917లో వార్న్ సంస్థ యజమానులలో ఒకడైన హెరాల్డ్, నార్మన్ అన్న, ఫోర్జరీ నేరమునకు శిక్షపడి, సంస్థ కూలిపోయే స్థితికి వచ్చింది. ఆమెకు రావలసిన బాకీ చాలా ఉన్నది. అయినను ఆమె ఆ సంస్థను విడిచిపోలేదు. పాత బొమ్మలను కూర్చి ఒక క్రొత్త పుస్తకమును ఇచ్చి వారిని నిలబెట్టుటకు సహాయపడింది.

ఆమె చివరి ముప్పదియేండ్ల ముఖ్యమైన పని గొర్రెలు. హెర్డ్‌విక్ అనునవి ఆ కొండల సొంత గొర్రెలు. ఉన్ని ముతక, శరీరము గట్టిది. మంచులోను బ్రతుకుతాయి. కంచె లేకపోయినను అవి తమ కొండను విడిచిపోవు. ఏ మేర మేయవలెనో తల్లి గొర్రె పిల్లకు నేర్పుతుంది. అందుచేత పొలము అమ్మినప్పుడు మంద కూడ పొలముతోనే ఉండవలెను. మంద చెదరితే ఆ నేర్పు పోతుంది. ముతక ఉన్నికి ధర పడిపోయి రైతులు వాటిని వదలుకొంటున్న రోజులలో, ఆమె 1923లో ట్రౌట్‌బెక్ పార్క్ అను పెద్ద పొలమును కొని, కాలేయపు పురుగు వ్యాధితో చెడిపోయిన మందకు వైద్యము చేయించి నిలబెట్టింది. టామ్ స్టోరీ అను కాపరిని పెట్టుకొని, పోటీలలో బహుమానములు గెలుచుకొన్నది. పాత కోటు, చెక్క అడుగుల చెప్పులు తొడుక్కొని కాపరులతో సమముగా సంతలో నిలిచి మాట్లాడేది. హెర్డ్‌విక్ గొర్రెల పెంపకందార్ల సంఘమువారు ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు. ఆ పదవి స్వీకరించునంతవరకు ఆమె బ్రతుకలేదు.

1930 ప్రాంతమున మాంక్ కానిస్టన్ అను దాదాపు 4,000 ఎకరాల ఆస్తి ముక్కలుగా అమ్మకమునకు వచ్చినప్పుడు, ఆమె మొత్తము కొని, సగము తాను కొన్న ధరకే నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చింది. యౌవనములో రాన్స్‌లీ గురువువద్ద విన్న మాట ఈ విధముగా నెరవేరింది.

ముగింపు

1943 డిసెంబరు 22న, తన డెబ్బదియేడవ యేట, ఆమె సాయరీలోని తన యింట కన్నుమూసింది. టామ్ స్టోరీ ఆమె కోరిన ప్రకారము చితాభస్మమును హిల్‌టాప్ పైనున్న కొండ పొలములలో చల్లాడు. ఆ చోటును బహిరంగముగా చెప్పలేదు. నాలుగు వేల ఎకరాలకు పైగా భూమి, దానిలోని పొలములు, ఇండ్లు, మందలు భర్త తదనంతరము నేషనల్ ట్రస్ట్‌కు చెందవలెనని వీలునామాలో వ్రాసింది. ఆ కొండ పొలములలో హెర్డ్‌విక్ గొర్రెలనే ఉంచవలెనని నిబంధన పెట్టింది. 1945లో హీలిస్ మరణించిన తరువాత అట్లే జరిగింది. 2017లో ఆ లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందింది.

ఈ జీవితమును చదివినప్పుడు మాకు ముఖ్యముగా తోచినది ఇది. ఆమె పెద్ద కార్యము చేయవలెనని బయలుదేరలేదు. కప్ప కాలును సరిగా గీసింది. దర్జీ కుట్టును సరిగా గీసింది. రోగముతోనున్న గొర్రెను సరిగా చూచుకొన్నది. తలుపు మూతబడిన ప్రతిసారి, చేతిలో మిగిలిన పనిని తీసుకొని అదే శ్రద్ధతో మరొక చోట మొదలుపెట్టింది.

ఆ మొదటి ఉత్తరము అందుకొన్న నోయెల్ మూర్ పెద్దవాడై క్రైస్తవ గురువుగా పనిచేశాడు. జబ్బుతోనున్న పిల్లవానికి ఒక ఉత్తరము వ్రాయుటకు, ఒక కథ చెప్పుటకు మనకు బొమ్మలు గీయుట రానవసరము లేదు. మన సంఘములలో మంచముపట్టిన పిల్లలు ఉన్నారు. వారి ఇండ్లు మనకు తెలుసు. వారము దినములలో ఒక్క గంట వారి ప్రక్కన కూర్చుండుట మనలో ఎవరికిని అసాధ్యము కాదు.